కుదురు లేని వాళ్ళకి నా రైల్వే ఎన్టీపీసీ ప్రిపరేషన్ అనుభవం

ఫ్రెండ్స్, ఎన్టీపీసీ, అంటే రైల్వేలో నాన్ టెక్నికల్ ఉద్యోగాల పరీక్ష, దాని సెలక్షన్ లిస్టులో నా నంబరు వచ్చింది. క్లర్క్ కమ్ టైపిస్ట్ పోస్టు. అప్పటి నుంచి ఏ కోచింగ్, ఏ బుక్ అని అందరూ అడుగుతున్నారు. సిలబస్, కటాఫ్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. పుస్తకం తెరిచి గంటయినా అదే పేజీలో ఉండిపోయే వాళ్ళ కోసం, చెప్పిన పని గుమ్మం దాటేలోపే మర్చిపోయే వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇది బద్ధకం కాదు. ఒక ఎటెంప్టు పోయాక మామయ్య నన్ను విశాఖలో సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నాకంటే అమ్మనే ఎక్కువ ప్రశ్నలడిగారు, ఎందుకంటే ఏడీహెచ్‌డీ (ధ్యాస ఒక చోట నిలవని సమస్య) అని తేల్చాలంటే 12 ఏళ్ళ లోపే ఆ లక్షణాలు ఉండి ఉండాలట. ఉప్పుకని పంపితే ఖాళీ చేతులతో తిరిగొచ్చిన సంగతులన్నీ అమ్మ చెప్పుకొచ్చింది. చిన్నప్పటి నుంచీ తిట్లు తిన్న వాటికి ఒక పేరుందని తెలిసిన రోజు నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. మందుల సంగతి డాక్టరే చెప్పాలి, నేను చెప్పను. ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళకైనా చేయొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఏడీహెచ్‌డీ లేదు, కాబట్టి దాని పేరు చెప్పి అదనపు టైమ్ అడగలేం. అందరికీ ఉన్న 90 నిమిషాలే మనకీ.

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి వైపు వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోచింగ్ నోట్సు ఇంగ్లీషులో, యూట్యూబ్ క్లాసులు హిందీలో. కాలం-పని అనే ఒక్క చాప్టరుకే ఇన్ని భాషల్లో మెటీరియల్ పోగయింది. ముందు గదిలో అమ్మ కుట్టు మిషను, జాకెట్టు ముక్కలు, వాటి మధ్యనే నా జిరాక్సులు. చదువుదామని కూర్చుంటే ఏది చదవాలో తేల్చుకోడానికే పొద్దు పోయేది, ఒక పుస్తకం తీస్తే కింద ఇంకోటి కనపడేది, దాన్ని తిరగేస్తుంటే అందులోంచి పాత హాల్‌టికెట్టు జారిపడేది, ఇక మొదటి పుస్తకం సంగతే గుర్తుండేది కాదు. నన్ను గట్టెక్కించింది కొత్త మెటీరియల్ కాదు, ఉన్నదాన్ని ఇంట్లోంచి పంపేయడం. సబ్జెక్టుకి ఒక్క పుస్తకం ఉంచుకుని మిగతావన్నీ బియ్యం సంచుల్లో కట్టి పాతపట్నంలో పిన్ని వాళ్ళింట్లో పెట్టేశాను. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నమే, పెద్ద దూరం కాదు. అయినా ఒక పుస్తకం కోసం సైకిలెక్కి వేరే రాష్ట్రానికి వెళ్ళాలంటే, అది నిజంగా కావాలా అని ఒక్క క్షణం ఆగుతాం. నాకు కావలసింది ఆ ఆగడమే. చేతికి అందేలా ఉంటే మాత్రం ఆగలేను.

పరీక్ష భాష కూడా ఒడియాయే పెట్టాను. నేను తెలుగువాణ్ణే, కానీ కళ్ళు వేగంగా చదివేది బడిలో నేర్చిన లిపినే. భాష విషయంలో అభిమానానికి పోకండి, మార్కులు పోతాయి.

ఇక టైమ్. నాకు పది నిమిషాలకీ నలభై నిమిషాలకీ తేడా తెలియదు, లోపల గడియారం లేదు. పోయిన ఎటెంప్టులో సీబీటీ-1 లో (కంప్యూటర్ మీద రాసే మొదటి దశ పరీక్ష) ఎవరు ఎక్కడ కూర్చున్నారో తేల్చే సీటింగ్ అరేంజ్‌మెంట్ ప్రశ్న ఒకటి పట్టుకుని తల ఎత్తేసరికి సగం టైమ్ అయిపోయింది. ఆ పరీక్ష పోయింది లెక్కలు రాక కాదు, టైమ్ నా కంటికి కనపడక. ఈసారి రఫ్ షీటు ఇవ్వగానే దాని మీద 75, 60, 45, 30 అని రాసి, పక్కన 25, 50, 75, 100 రాసుకున్నాను. స్క్రీన్ మీద గడియారం వెనక్కి నడుస్తుంది కదా, 75 చూపించేసరికి 25వ ప్రశ్న దాటాలి, 60కి 50వది, అలా. వచ్చినవి చేయడం, మిగతావి మార్క్ చేసి వదిలేయడం. చివరి 30 నిమిషాలు వదిలేసిన వాటికి. తప్పుకి మూడో వంతు మార్కు కోత ఉంది కాబట్టి ఊహించి పెట్టినవి చాలా తక్కువ. ఇది హాల్లో మొదటిసారి చేస్తే రాదు, రోజూ మాక్ టెస్టులో ఇలాగే చేయాలి, అది కూడా చేతికి వాచీ లేకుండా, ఎందుకంటే లోపలికి వాచీ రానివ్వరు. రెండో దశ సీబీటీ-2 లో 120 ప్రశ్నలు, అదే 90 నిమిషాలు, అప్పుడు పావుగంటకి 30 చొప్పున.

ఫోను గురించి అందరూ చెప్పేదే, చదివేటప్పుడు అమ్మ దగ్గర ఉండేది.

తెల్లవారుజామున నాలుగింటికి లేవడమే డిసిప్లిన్ అని నాకు చాలామంది చెప్పారు. లేవగలిగే వాళ్ళు లేవండి, మంచిదే. నేను లేచి పుస్తకం ముందు కూర్చున్నా ధ్యాస ఎక్కడికో వెళ్ళిపోయేది. నా వరకు డిసిప్లిన్ అంటే రాత్రి పడుకునే ముందు రేపటి పుస్తకం ఒక్కటే, ఏ పేజీ దగ్గర మొదలుపెట్టాలో అక్కడ పెన్ను పెట్టి, మిగతావన్నీ బీరువాలో పెట్టి తాళం వేయడం. ఒక్క రాత్రి మానేస్తే తర్వాతి రోజంతా పోయేది. మనసు గట్టిగా లేదని మమ్మల్ని తిట్టేవాళ్ళకి ఈ పని ఎంత కష్టమో తెలియదు, రోజూ చేసి చూపించాం కాబట్టే చెబుతున్నాను.

ఈ పోస్టుకి టైపింగ్ టెస్టు కూడా ఉంటుంది, నిమిషానికి 30 ఇంగ్లీషు పదాలు, ఎడిటింగ్ టూల్స్ ఉండవు. రిజల్ట్ కోసం ఎదురుచూడకుండా ముందే మొదలుపెట్టండి. గుణుపురం, కాశీనగరం వైపు వాళ్ళెవరికైనా ఒడియా రీజనింగ్, లెక్కల పుస్తకాలు కావాలంటే పిన్ని వాళ్ళింట్లో సంచులు ఇంకా అలాగే ఉన్నాయి, చెప్పండి, ఇస్తాను. కానీ సబ్జెక్టుకి ఒక్కటే.