నిమిషానికొక మలుపు

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర. పోర్ట్‌లాండ్, ఆరెగాన్, అమెరికా.

రెండు రోజుల సమావేశం నిన్న సాయంత్రంతో ముగిసింది. తిరుగు విమానం రేపు మధ్యాహ్నం కాబట్టి, ఈ ఊరిలో నాకంటూ మిగిలినది ఈ ఒక్క శనివారమే. కారు అద్దెకు తీసుకుని కొలంబియా లోయలోని జలపాతాలు చూసి రమ్మని తోటివారు చెప్పారు. మంచి సలహాయే కాని, రెండు రోజులు కుర్చీకి అతుక్కుపోయిన మనిషికి సెలవు రోజున మరొక కుర్చీ ఎక్కాలనిపించలేదు. డౌన్‌టౌన్‌ను కాలినడకన చూడాలని నిశ్చయించుకుని, చేరవలసిన చోటు ఒక్కటే పెట్టుకున్నాను: బర్న్‌సైడ్ వీధిలో, నాలుగు వీధుల మధ్యనుండే ఒక బ్లాకు మొత్తం ఆక్రమించుకుని ఉన్న పావెల్స్ పుస్తకాల దుకాణం. తక్కినవి దారిలో తగిలితే చూడవచ్చుననుకున్నాను.

ఉదయం తొమ్మిది దాటిన తరువాత హోటల్ నుంచి బయటికి వచ్చాను. జూన్ నెలే అయినా ఆకాశం బూడిదరంగులో ఉంది. 1852 నుంచి తోటగా వదిలిన సౌత్ పార్క్ బ్లాక్స్ అనే పొడవాటి పచ్చని పట్టీ హోటల్‌కు దగ్గరలోనే ఉంది. అందులోని ఎత్తైన ఎల్మ్ చెట్లు రెండు వైపుల నుంచీ కొమ్మలు చాచి పందిరి వేసినట్లుంటాయి. ప్రతి శనివారం విశ్వవిద్యాలయం దగ్గర ఆ చెట్ల కింద రైతుల సంత జరుగుతుంది. ఒక చిన్న పెట్టె స్ట్రాబెర్రీలు కొని భుజాన ఉన్న సంచిలో వేసుకున్నాను. అది తెలివైన పని కాదని సాయంత్రానికి తెలిసింది.

సంత దాటి ఉత్తరంగా నడవడం మొదలుపెట్టిన పావుగంటకే ఒక సంగతి గమనించాను. ప్రతి నిమిషానికీ ఒక మూల వస్తోంది. గడియారం చూసుకుంటూ అయిదారు సార్లు లెక్కపెట్టినా లెక్క తప్పలేదు. ఇక్కడి బ్లాకు పొడవు 200 అడుగులు, వెడల్పూ అంతే. మధ్యనుండే వీధి చాలా చోట్ల 60 అడుగులు. ఒక మూల నుంచి తరువాతి మూలకు 260 అడుగులు, అంటే ఎనభై మీటర్లకు కొంచెం తక్కువ కాబట్టి, తొందర లేని నడకకు సరిగ్గా ఒక నిమిషం పడుతుంది. మైలుకు ఇరవై బ్లాకులన్నమాట. మూల స్థలాలకు ఎక్కువ ధర పలుకుతుంది కనుక, మూలలు వీలైనన్ని ఎక్కువ వచ్చేటట్లు తొలినాటి భూస్వాములు ఊరిని ఇలా గీశారని చెబుతారు. ఎవరి లాభం కోసం గీసినా, నూట డెబ్బయి అయిదేళ్ల తరువాత దాని ఫలితం నా మోకాళ్లకు దక్కింది.

మూడేళ్ల క్రితం ఇదే విధంగా ఒక ఖాళీ రోజున సాల్ట్ లేక్ సిటీలో నడిచాను. అక్కడ బ్లాకు ఒక్కొక్క వైపు 660 అడుగులు, వీధి వెడల్పు 132 అడుగులు. ఒక మూల నుంచి మరొక మూలకు దాదాపు మూడు నిమిషాలు నడవాలి. మూడు నిమిషాలేమీ పెద్ద దూరం కాదు గాని, పొరపాటున తప్పు మలుపు తిరిగి ఆ బ్లాకును చుట్టి రావలసి వస్తే పన్నెండు నిమిషాలు పోతాయి. అదే ఇక్కడ నాలుగు నిమిషాలతో సరిపోతుంది. ఆ రోజు నేను ప్రతి మలుపు దగ్గరా ఫోను తీసి, దారి సరిచూసుకుని, ఆ తరువాతే అడుగు వేసిన మాట గుర్తుంది. ఈ రోజు ఫోను చాలాసేపు జేబులోనే ఉంది. తప్పితే తప్పనీ అన్న ధైర్యం కాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే, ఈ చిన్న చిన్న చతురస్రాల నుంచే వచ్చిందని తోచింది.

దాహం వేసే లోపే నీళ్లు కూడా ఎదురయ్యాయి. నాలుగు చేతులు చాచినట్లు నాలుగు గిన్నెలున్న కంచు స్తంభాలు ఇక్కడి ఫుట్‌పాత్‌ల మీద తరచు కనిపిస్తాయి. కుళాయి తిప్పవలసిన పని లేదు. గిన్నె నడుమ నుంచి నీరు బుడబుడమంటూ పైకి ఉబుకుతూ ఉంటుంది, మనం వంగి నోరు పెట్టడమే. సైమన్ బెన్సన్ అనే కలప వ్యాపారి 1912లో పదివేల డాలర్లిచ్చి ఇరవై పెట్టించాడు కాబట్టి వీటిని బెన్సన్ బబ్లర్లంటారు. తన కూలీలు దాహానికి సారా కొట్టులోకి పోకుండా ఉండాలని ఈ ఏర్పాటు చేశాడని ఒక కథ ఉంది. నా ముందు ఒక పెద్దాయన తన కుక్కకు దోసిలితో నీళ్లు పట్టాడు. నేను వంగినప్పుడు ముక్కు కూడా తడిసింది. దీనికి కొంత అలవాటు కావాలి.

పన్నెండుకు పది నిమిషాలుండగా పయొనీర్ కోర్ట్‌హౌస్ స్క్వేర్ చేరాను. ఎర్రని ఇటుకలు పరచిన ఈ ఆవరణ, దాని అంచున అర్ధచంద్రాకారంగా దిగే మెట్లు, ఎదురుగా 1875లో పూర్తయిన పాత న్యాయస్థానం చూస్తే ఇది ఎప్పటి నుంచో ఉన్న కూడలి అనిపిస్తుంది. కాని ఇది 1984లో తెరిచినది. ఇక్కడ పూర్వం ఒక పెద్ద హోటల్ ఉండేది. 1951లో దాన్ని పడగొట్టి కార్లు నిలుపుకునే స్థలంగా మార్చారు. ఆ తరువాత ఊరివాళ్లు పట్టుబట్టి దాన్ని మనుషులు నిలబడే చోటుగా చేసుకున్నారు, డబ్బు చాలకపోతే తలా ఒక ఇటుక కొన్నారు. కొన్నవారి పేర్లు ఇటుకల మీద చెక్కి ఉన్నాయి. వేల పేర్ల మీద అడుగులు వేయడం మొదట మొహమాటంగా అనిపించింది, కాసేపటికి అలవాటయింది.

పన్నెండు గంటలకు ఇక్కడ ఒక తమాషా జరుగుతుందని సమావేశంలో ఎవరో చెప్పగా విన్నాను. స్క్వేరు మూలన 1988లో నిలిపిన వాతావరణ యంత్రం ఉంది. మధ్యాహ్నం కాగానే బూరాలు మోగాయి, పైనుంచి తుంపర చిమ్మింది, స్తంభం తలలోంచి ఒక బొమ్మ పైకి వచ్చింది. ఎండ కాసే రోజు సూర్యుడు, తుఫాను రోజు డ్రాగన్, చినుకుల రోజు నీలి కొంగ. ఈ రోజు కొంగ వచ్చింది. అది లోపలికి పోయిన అయిదు నిమిషాలకు నిజంగానే చినుకులు మొదలయ్యాయి. గొడుగు హోటల్‌లో ఉంది. మెట్ల దగ్గర గొడుగు పట్టుకుని ఎవరినో పిలుస్తున్నట్లు నిలబడిన కంచు మనిషి ఉన్నాడు. ఆ క్షణంలో అతనిది వెక్కిరింపులా అనిపించింది.

దారి తప్పడం ఇక్కడి నుంచి మొదలయింది. ఆరవ అవెన్యూ పట్టుకుని బర్న్‌సైడ్ దాకా వెళ్లి, ఎడమకు తిరిగి పదవ అవెన్యూ చేరాలన్నది నా లెక్క. కాని బర్న్‌సైడ్ దగ్గర ఊరే కొంచెం మెలి తిరుగుతుంది. దానికి దక్షిణాన వీధులు దిక్సూచి ముల్లు చూపే అయస్కాంతపు ఉత్తరాన్ని అనుసరిస్తే, అవతల కెప్టెన్ జాన్ కూచ్ తన భూమిని అసలైన ఉత్తరానికి సరిగా గీయించుకున్నాడు. రెండు గడుల కాగితాలను ఏటవాలుగా అతికించినట్లుండే ఆ అతుకు దగ్గర నాకు దిక్కు తెలియలేదు. బర్న్‌సైడ్ దాటి, ఒక మూలన ఆగి, ఫోను చూద్దామనుకుంటుండగా ఒక కారు నా కోసం నిలిచింది. ఆరెగాన్ చట్టం ప్రకారం గీతలున్నా లేకున్నా ప్రతి కూడలీ పాదచారులు దాటే చోటే కాబట్టి, అంచున మనిషి కనిపిస్తే ఇక్కడివారు ముందుగానే బ్రేకు వేస్తారు. నాకు దాటే పని లేదు. అయినా పాపం ఆగాడు కదా అని మొహమాటానికి దాటాను. అవతలి మూలన మరొక కారు ఆగింది. దాన్ని కూడా గౌరవించాను. ఆ విధంగా ముక్కూ మొహం తెలియని ఇద్దరి మర్యాద వల్ల నేను పుస్తకాల దుకాణానికి సరిగ్గా ఎదురు దిక్కున నడిచాను.

అవెన్యూల అంకెలు నది నుంచి దూరమయ్యే కొద్దీ పెరుగుతాయి. నాకు అయిదు, నాలుగు, మూడు కనిపిస్తున్నాయి. అడ్డంగా వచ్చే వీధులు మాత్రం ఇంగ్లీషు అక్షరక్రమంలో బర్న్‌సైడ్, కూచ్, డేవిస్, ఎవరెట్ అని వరుసగా పోతున్నాయి. ఇంకా ముందుకు పోతే ఎల్ దగ్గర లవ్‌జాయ్, పి దగ్గర పెటీగ్రోవ్ వస్తాయి. 1845లో ఈ ఊరికి ఏ పేరు పెట్టాలని నాణెం ఎగరేసుకున్నవారు ఆ ఇద్దరే. మసాచుసెట్స్ నుంచి వచ్చిన లవ్‌జాయ్ గెలిచి ఉంటే ఇది బోస్టన్ అయ్యేది. మెయిన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన పెటీగ్రోవ్ మూడింట రెండు సార్లు గెలిచాడు. ఓడిన మనిషికి కూడా ఒక వీధి దక్కింది కదా అని సంతోషించాను.

ఈ ఓల్డ్ టౌన్ ప్రాంతం గురించి తేలికగా రాయలేను. చాలా దుకాణాలకు షట్టర్లు దించి ఉన్నాయి, కొన్ని కిటికీలకు చెక్కలు కొట్టారు. ఫుట్‌పాత్ మీద టార్పాలిన్ కింద ఎవరో నిద్రపోతున్నారు, పాదాలు మాత్రం వానలో బయటికి ఉన్నాయి. నేను చూస్తూ పోవడానికి వచ్చినదాన్ని. ఆ ఫుట్‌పాతే ఇల్లయినవారి పక్కనుంచి నడుస్తున్నప్పుడు నడక అనే ఈ సరదా కొంచెం బరువుగా తోచింది. నడక వేగం పెంచాను, పెంచినందుకు సిగ్గు కూడా పడ్డాను. కారులో పోయి ఉంటే ఈ రెండూ ఉండేవి కావు.

ఎవరెట్ వీధి దగ్గర తెల్లని గోడ ఎదురయింది. 2000లో తెరిచిన లాన్ సు చైనా తోట అది. చైనాలోని సుజౌ నగరం నుంచి శిల్పులు వచ్చి కట్టినది, సరిగ్గా ఒక బ్లాకు, అంటే 40,000 చదరపు అడుగులు. వాన తగ్గే వరకు అక్కడే గడిపాను. లోపల దారులు మెలికలు తిరుగుతూ, కొలను చుట్టూ పోతూ, ప్రతి అయిదు అడుగులకూ కొత్త దృశ్యం చూపిస్తాయి. బయట నాలుగు నిమిషాలలో చుట్టి రాగలిగిన చతురస్రం లోపల నాకు ముప్పావు గంట పట్టింది.

తరువాత దుకాణం మాట మరచి నది వైపు తిరిగాను. 1888 నాటి స్కిడ్‌మోర్ ఫౌంటెన్‌లో మనుషులతో పాటు గుర్రాలకూ కుక్కలకూ నీళ్లు తాగే తొట్లు ఉన్నాయి. ఊరికి అసలు సంపద మంచి పౌరులేనన్న మాట దాని మీద చెక్కారు. వంతెన దగ్గర శనివారపు అంగడిలో జనం కిటకిటలాడుతుంటే పక్కగా తప్పుకున్నాను. నది ఒడ్డున పొడవునా పచ్చిక పరచుకుంది. 1974 వరకు ఇక్కడ హార్బర్ డ్రైవ్ అనే పెద్ద రహదారి ఉండేదని, దాన్ని మూసి, తీసివేసి పార్కు చేశారని తెలియకపోతే ఎవరూ ఊహించలేరు. తడి బెంచీ మీద రుమాలు పరచుకుని విలామెట్ నదిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

నేటో పార్క్‌వే అనే రహదారి దాటుతుంటే రెండు అడుగుల వ్యాసం ఉన్న మిల్ ఎండ్స్ పార్కు కనిపించింది. దీపస్తంభం కోసం తవ్వి వదిలేసిన గుంతలో డిక్ ఫేగన్ అనే పాత్రికేయుడు పూలు నాటి, 1948 నుంచి తన పత్రికా శీర్షికలో దాని కథలు రాశాడు. 1976లో నగరం దాన్ని అధికారికంగా పార్కుగా గుర్తించింది. ప్రపంచంలోనే అతి చిన్న పార్కు అన్న రికార్డు 2025లో జపాన్‌కు పోయింది, పాపం.

తిరుగుదారిలో ఒక కార్ల పార్కింగ్ భవనం పక్కన ఒక బ్లాకు పొడవునా కిటికీ లేని గోడ వచ్చింది. అదీ రెండు వందల అడుగులే, అయినా రెండింతలు అనిపించింది. 1972 నాటి డౌన్‌టౌన్ ప్రణాళిక దగ్గర నుంచి నేల అంతస్తులో దుకాణాలు, కిటికీలు ఉండాలని ఈ ఊరు ఎందుకంత పట్టుబట్టిందో ఆ గోడ పక్కనే అర్థమయింది. దాని తరువాత అయిదవ అవెన్యూలో, ఒక ప్రభుత్వ భవనం ద్వారం పైన, చెట్ల ఆకుల వెనుక మోకాలి మీద వంగి చేయి చాచిన పెద్ద రాగి స్త్రీ కనిపించింది. 1985లో నిలిపిన పోర్ట్‌లాండియా ఆమె. రేకు కొట్టి చేసిన రాగి విగ్రహాలలో ఈ దేశంలో స్వేచ్ఛా ప్రతిమ తరువాత ఇదే పెద్దది. నా ముందు నడిచిన నలుగురిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. నేను కూడా కాళ్లు నొప్పెట్టి గోడకు ఆనుకున్నందువల్లనే చూశాను.

హోటల్‌కు వచ్చి సంచి తెరిస్తే స్ట్రాబెర్రీలు నలిగి, సమావేశపు కాగితాలన్నీ ఎర్రగా తడిశాయి. మిగిలిన కాసిని పండ్లు కడుక్కుని తిన్నాను. బూట్లలో పాత పత్రిక కుక్కి కిటికీ దగ్గర ఆరబెట్టాను. పుస్తకాల దుకాణం ఇక్కడి నుంచి ఎంత దూరమో అప్పుడు ఫోనులో చూశాను. దాదాపు పన్నెండు బ్లాకులు, అంటే పన్నెండు నిమిషాలు. ఉదయం తలుపులు తెరిచే వేళకు వెళితే, విమానానికి ముందు ఒక గంట దొరుకుతుంది.