ఎదురీదే చేపల దగ్గరికి

మా శనివారాలన్నీ కారులోనే గడిచిపోయేవి. పొద్దున లెక్కల క్లాసు, పదకొండింటికి ఈత, మధ్యాహ్నం తెలుగు బడి, సాయంత్రం ఎవరిదో ఒకరి పుట్టినరోజు. మధ్యలో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగి కరివేపాకు, పెరుగు తెచ్చుకోవడం. ఉండేది సియాటిల్ పక్కన. వంటింటి కిటికీలోంచి అడవి కనిపిస్తుంది. అయినా ఆ చెట్ల కిందకి మా అబ్బాయిని తీసుకెళ్ళింది ఏడాదికి ఒకటి రెండుసార్లే, అదీ ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడు.

వాన ఒక కారణం. ఇక్కడ అక్టోబరులో పట్టిన ముసురు వసంతం దాకా వదలదు. తడిస్తే జలుబు చేస్తుందని వింటూ పెరిగిన నేను, అదే మాట వాడికీ చెప్పి ఇంట్లో కూర్చోబెట్టేదాన్ని.

రెండేళ్ళ క్రితం వాడి క్లాసు పిల్లల్ని ఇస్సక్వాలో సాల్మన్ చేపల గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే హేచరీకి తీసుకెళ్తూ, తోడుగా ఎవరైనా రాగలరా అని టీచర్ తల్లిదండ్రుల్ని అడిగారు. ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. ఊరి నడిబొడ్డున 1936లో కట్టిన హేచరీ అది. పక్కనే వాగు. లోతు లేని నీళ్ళలో నా చెయ్యంత పొడవు చినూక్ సాల్మన్లు రాళ్ళకి రాసుకుంటూ ఎదురీదుతున్నాయి. గులకరాళ్ళలో గుడ్లకోసం గుంటలు తవ్వి తవ్వి ఆడచేపల తోకలు తెల్లగా అరిగిపోయాయి. సముద్రంలోంచి బల్లార్డ్ లాక్స్ అనే నీటి గేట్లు దాటి, రెండు పెద్ద చెరువులు దాటి ఇక్కడికి వస్తాయట. మంచినీళ్ళలోకి వచ్చాక మేత ముట్టవు. దారి చూపేది పుట్టిన వాగు నీటి వాసన. నేను పిల్లల్ని లెక్కపెట్టుకోవడం కూడా మర్చిపోయి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను.

ఆ రాత్రి వాడు రాజమండ్రిలో ఉన్న మా నాన్నకి వీడియో కాల్ చేసి ఇదంతా సగం ఇంగ్లీషులో చెప్పాడు. నాన్న ముఖం వెలిగిపోయింది.

"ఓస్, మనకీ ఉందిరా అలాంటి చేప. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ అది విలస. ఎర్రనీరు రాగానే గోదాట్లోకి ఎదురీదుకుంటూ వస్తుంది. అప్పుడది పులస!"

"అది కూడా గుడ్లు పెట్టాక చచ్చిపోతుందా తాతయ్యా?"

"లేదు నాన్నా. వలకి దొరక్కపోతే మళ్ళీ సముద్రంలోకి పోతుంది."

వాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రోజు ఒడ్డున చచ్చిపడి ఉన్న సాల్మన్‌ని చూసి ఏడ్చాడు మరి. ఆ కళేబరాలే పక్షులకీ చెట్లకీ ఆహారమవుతాయని, సముద్రం నుంచి మోసుకొచ్చిన నత్రజని ఒడ్డున చెట్లలోకి చేరుతుందని చెబితే విన్నాడు గానీ, ఊరట మాత్రం పులస వల్లే దొరికింది.

పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్ళో పెరిగి, దాని ప్రయాణం గురించి నేను వాడికి ఒక్కసారీ చెప్పలేదు. చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. నా నది గోదావరి. వాడు పుట్టింది ఇక్కడ, వాడి నీరు ఈ వాగు. దాన్ని వాడికి పరిచయం చెయ్యకుండా, నా నదిని మాత్రం ప్రేమించమని ఎలా అడగను?

లెక్కల క్లాసుని మంగళవారానికి మార్చాం. శనివారం పొద్దున వాగు ఒడ్డుకో, పక్కనున్న టైగర్ మౌంటెన్ కాలిబాటకో వెళ్తున్నాం. మంచి రెయిన్‌కోట్లు, బూట్లు కొన్నాక వాన భయం పోయింది. ఎలుగుబంటి భయం పోవడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. నాలుగో తరగతి పిల్లలకి ఇక్కడ నేషనల్ పార్కులన్నిటికీ ఏడాదిపాటు ఉచిత పాస్ ఇస్తారు, కుటుంబం కూడా వెళ్ళొచ్చు. ఆ పాస్‌తో రెయినియర్ కొండకి మూడుసార్లు వెళ్ళొచ్చాం. ఆ తరగతికి రాబోతున్న పిల్లలున్నవాళ్ళు దీన్ని వదులుకోవద్దు.

నేను అనుకోనిది తెలుగు విషయంలో జరిగింది. ఇంట్లో నేను మాట్లాడే తెలుగంతా ఆజ్ఞలే. తిను, పడుకో, హోంవర్క్ అయిందా, త్వరగా షూ వేసుకో. అడవిలో తొందర లేదు కాబట్టి వేరే మాటలు వచ్చాయి. నాచు, తుంపర, జల్లు, పుట్టగొడుగు, పొగమంచు, సుడి. కొన్ని నేనే ఏళ్ళుగా పలకనివి. వాడు వాటిని రాళ్ళలా ఏరుకుని జేబులో వేసుకున్నాడు. బడి పుస్తకంలో 'ఎదురీత' అని చదివి ఉంటే మర్చిపోయేవాడేమో. కళ్ళతో చూశాడు కాబట్టి నిలిచిపోయింది.

పోయిన జులైలో రాజమండ్రి వెళ్ళాం. గోదావరి ఎర్రగా, నిండుగా ఉంది. పుష్కర ఘాట్ మెట్ల మీద తాతయ్య పక్కన కూర్చుని వాడు చాలాసేపు నీళ్ళకేసే చూశాడు. పులస కనపడలేదు. ఇప్పుడు బాగా తగ్గిపోయాయని నాన్న చెబితే "ఎందుకు?" అని అడిగాడు. ధవళేశ్వరం ఆనకట్ట, వలలు, నీటిలో కలిసే మురికి... ముగ్గురం చీకటి పడేదాకా అదే మాట్లాడుకున్నాం.

మొన్న శనివారం వాగులో ఈ ఏటి మొదటి చినూక్ కనబడింది. వాడు నా ఫోన్ లాక్కుని, అక్కడ రాత్రి అయిందని కూడా చూడకుండా, నీళ్ళ మీదకి వంగి చూపించాడు.

"తాతయ్యా, వచ్చేశాయి! ఎదురీదుతున్నాయి!"

"చూస్తున్నాన్రా," అన్నారు నాన్న. "కాస్త వెనక్కి జరుగు, రాళ్ళు నాచు పట్టి ఉంటాయి."