బిగ్ హీరో 6: తమ వాడినే పట్టుకుని ఆపిన టీమ్

సూపర్ హీరో టీమ్ సినిమా అంటే మరేటి ఉంటాది, అయిదారుగురు జనం, ఒక్కొక్కరికి ఒక్కో పవర్, మొదట్లో ఒకళ్ళంటే ఒకళ్ళకి పడదు, మధ్యలో విలన్ చేతిలో చావు దెబ్బలు, ఆఖర్లో అందరూ వరసగా నిలబడి ఒక పోజు, అయిపోయింది. డిస్నీ వాళ్ళ బిగ్ హీరో 6 కూడా పైకి చూస్తే ఇదే బాపతు. 2014లో వచ్చింది, మరుసటి ఏడాది బెస్ట్ యానిమేటెడ్ ఫీచర్ ఆస్కార్ కూడా కొట్టేసింది, నేను మాత్రం మా మేనల్లుడి పుణ్యమా అని చాలా లేటుగా చూసాను. ఇప్పుడు ఆడికన్నా నాకే ఎక్కువ పిచ్చి పట్టింది, అందుకే ఈ పోస్టు. కథ మొత్తం చెప్పీస్తాను, చూడనోళ్ళు ముందు చూసీసి రండి. మాది పర్లాకిమిడి, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు, కాబట్టి నోటికొచ్చినట్టే రాస్తాను, గ్రాంథికం ఎవరూ ఆశించొద్దు.

ముందు ఊరి సంగతి. కథ జరిగే ఊరు పేరు శాన్ ఫ్రాన్సోక్యో, అంటే శాన్ ఫ్రాన్సిస్కోని, టోక్యోని కలిపి పిసికీసారన్నమాట. గోల్డెన్ గేట్ బ్రిడ్జి ఉంటాది గానీ దాని స్తంభాల పైన జపాన్ గుళ్ళ ముందుండే తోరణాల షేపు ఉంటాది, ఎత్తుపల్లాల రోడ్ల మీద ట్రామ్ వెళ్తుంటే పక్కన జపాన్ బోర్డులు. ఇలా ఎందుకుంది, ఎప్పుడు కలిసింది అని సినిమాలో ఒక్కడు కూడా వివరించడు. అది నాకు తెగ నచ్చీసింది. మా ఊళ్ళో మాత్రం ఎవడు వివరిస్తాడు, బోర్డు ఒడియాలో ఉంటాది, లోపల బేరం తెలుగులో సాగుతాది, లెక్క దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఒడియా, పాతపట్నం వైపు నాలుగడుగులు వేస్తే రాష్ట్రమే మారిపోద్ది, ఇందులో వింతేటి ఉందని ఎవరూ ఆగి చూడరు. మా మేనల్లుడు బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, కార్టూన్లు హిందీలో, ఆడికి ఆ ఊరు చూసి డౌటే రాలేదు.

కథ చిన్నదే. హీరో హమాడా అని పద్నాలుగేళ్ళ గుంటడు (పేరే హీరో, అక్కడికి డైరెక్టర్ల పని సగం అయిపోయింది), మహా తెలివైనోడు, ఆ తెలివంతా రోబోల పందేలకి తగలేస్తుంటాడు. అన్న తడాషి ఆణ్ణి తీసుకెళ్ళి తను చదివే కాలేజీ ల్యాబు చూపిస్తాడు. ఆ కాలేజీలో సీటు కోసం హీరో మైక్రోబాట్లు అని చీమల దండులా కదిలే బుల్లి రోబోలు తయారు చేస్తాడు, ప్రదర్శనకి పెడతాడు, అదే రాత్రి హాలు తగలబడిపోద్ది, లోపల ప్రొఫెసర్ ఉండిపోయాడని తడాషి మంటల్లోకి పరిగెడతాడు, మరి తిరిగి రాడు. మిగిలేది అన్న తయారు చేసిన బేమాక్స్, తెల్లగా బొద్దుగా గాలి నింపిన ఒక నర్సు రోబో. ఎవరైనా 'అబ్బా' అంటే చాలు పెట్టెలోంచి ఉబ్బుకుంటూ లేచి, నొప్పి ఒకటి నుంచి పది లోపు ఎంత అని అడుగుతాడు.

ఈ ప్రశ్న దగ్గర నేను ఫోన్ ఆపీసి నవ్వుకున్నాను. నాది మందుల షాపు. సంత రోజున కొండ ఊళ్ళ నుంచి దిగిన సవర ముసలమ్మ ఒకావిడ వస్తుంటాది, మడతలు నలిగిపోయిన చీటీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెస్తాది, మోకాలి మీద అరచెయ్యి పెట్టి "కూకుంటే లేవలేను బాబూ, లేస్తే కూకోలేను" అంటాది. మరి దానికి నంబరేటి వెయ్యాలి? నేను కత్తెరతో స్ట్రిప్ కత్తిరిస్తున్నంత సేపూ ఆ చెయ్యి మోకాలి మీంచి తియ్యదు. బేమాక్స్‌లో పదివేల పైన వైద్యాలు ఎక్కించి ఉన్నాయి, మనిషిని ఒక్క చూపుతో స్కాన్ చేసి వేరుశెనగ పడదని కూడా చెప్పీగలడు, అయినా అడుగుతాడు, అడిగి ఆగుతాడు, మనిషి చెప్పేదాకా కదలడు, పైగా 'నా వైద్యం నాకు తృప్తిగా ఉంది' అని పేషెంట్ తన నోటితో అంటేనే మళ్ళీ పెట్టెలోకి పోతాడు. ఈ ఒక్క రూలు మీద సినిమా మొత్తం నిలబడింది, చివర్లో అదే రూలుతో ఏడిపించారు కూడా. ఈ బొమ్మ ఊరికే ఊహించి గీసింది కాదు, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మనుషుల్ని ఎత్తి పట్టుకోడానికి గాలి నింపే మెత్తటి రోబో చేతుల మీద పరిశోధన జరుగుతుంటే డైరెక్టర్లలో ఒకాయన డాన్ హాల్ వెళ్ళి చూసొచ్చాడు, ఆ ముఖం, రెండు చుక్కలు మధ్యలో గీత, అదేమో జపాన్ గుడి గంట చూస్తే తట్టిందట. అసలు మార్వెల్ కామిక్‌లో బేమాక్స్ ఇలా ఉండడు, పెద్ద భూతం టైపు. కామిక్ టీములో ఉన్న మరి కొందరిని కూడా సినిమాలోకి రానీలేదు. మంచి పని చేసారు.

బ్యాటరీ అయిపోయిన సీన్ గురించి చెప్పకపోతే మా ఇంట్లో ఊరుకోరు. చార్జి దిగిపోయేసరికి బేమాక్స్ సారా దుకాణం నుంచి ఇంటికొస్తున్నోడిలాగ మెట్ల మీద జారుతుంటాడు, పిల్లిని పట్టుకుని నిమురుతుంటాడు, అత్తకి తెలీకుండా లోపలికి ఎక్కించీడానికి హీరోకి ప్రాణం మీదికొస్తాది. "మావయ్యా మళ్ళీ పెట్టు, మావయ్యా మళ్ళీ పెట్టు" అని మా వాడు ఆ ముక్కే తిప్పి తిప్పి వేయించీసాడు.

ఇంక టీమ్. ఇక్కడ నాకు కొంచెం గొడవుంది. నలుగురూ తడాషి కాలేజీ ఫ్రెండ్సు. గోగో అయస్కాంతం చక్రాల మీద జారే అమ్మాయి, తక్కువ మాట్లాడుతాది. హనీ లెమన్ కెమిస్ట్రీ, హ్యాండ్‌బ్యాగులోంచి రంగు రంగు ఉండలు తీసి విసురుతుంటాది. వసాబి చేతులకి ప్లాస్మా కత్తులు. ఫ్రెడ్ అసలు స్టూడెంటే కాదు, కాలేజీ మస్కట్, అంటే బొమ్మ వేషం వేసేవాడు, ఒకే చెడ్డీని తిప్పి తిప్పి నాలుగు రోజులు వేసేంత బద్ధకస్తుడు, తీరా చూస్తే మేడలో పుట్టిన కోటీశ్వరుడు. నలుగురి పరిచయం కూడా చకచకా ల్యాబులో అయిపోద్ది, డ్రెస్సులు కుట్టడం, ట్రైనింగు ఒక పాటలో లాగీసారు, ఆ తర్వాత ఎవరి పవర్ వాళ్ళు చూపించి పక్కకి తప్పుకోడమే. గోగో ఇల్లేటి, హనీ లెమన్‌కి తడాషి పోయాక ఎలా ఉంది, ఒక్క ముక్క లేదు. 102 నిమిషాల సినిమాలో ఇంకో పది నిమిషాలు పెంచితే సొమ్మేం పోయింది.

కారు ఛేజ్ మాత్రం మినహాయింపు. వెనకాల మాస్కోడు, అంటే హీరో మైక్రోబాట్లని వాడుకుంటున్న మాస్కు విలన్, ప్రాణం తియ్యడానికి తరుముతుంటే వసాబి రెడ్ సిగ్నల్ దగ్గర బండి ఆపుతాడు! మళ్ళీ మలుపులో ఇండికేటర్ వేస్తాడు! గోగో తిడితే, చట్టం అంటాడు. మా సంత రోజు రోడ్డు మీద వసాబిని వదిలితే సాయంత్రానికి కూడా ఇల్లు చేరడు పాపం.

ఈ గొడవంతా ఉన్నా ఆ టీమ్‌ని నేను క్షమించీడానికి కారణం దీవి మీద సీను. పాడుబడిన ల్యాబులో మాస్కోణ్ణి పట్టుకుని మాస్కు లాగితే, చచ్చిపోయాడనుకున్న ప్రొఫెసర్ క్యాలహానే. మంటల్లోంచి బయటపడ్డానికి ఆడు వాడింది హీరో తయారు చేసిన మైక్రోబాట్లనే. తడాషి నిన్ను కాపాడ్డానికే లోపలికొచ్చాడు కదా అంటే "అది ఆడి తప్పు" అనీసాడు. మనకి కూడా ఒళ్ళు మండిపోద్ది. హీరో బేమాక్స్ ఛాతీలోంచి పచ్చ చిప్పు, అన్న రాసిన వైద్యం చిప్పు, పీకీసి పారేస్తాడు, తను పెట్టిన కొట్లాట చిప్పు, ఎర్రది, ఒకటే ఉంచుతాడు, చంపెయ్ అంటాడు. బేమాక్స్ కళ్ళు ఎర్రబడతాయి. అప్పుడు ఆ నలుగురూ ఏం చేసారు? విలన్ని వదిలీసి బేమాక్స్‌కి అడ్డం పడ్డారు. ఒక్కొక్కర్నీ ఆ బండోడు విసిరి కొడుతున్నా వదల్లేదు, చివరికి హనీ లెమన్ కింద వెతుక్కుని ఆ పచ్చ చిప్పు తీసుకెళ్ళి మళ్ళీ ఛాతీలో పెట్టీసింది. విలన్ పారిపోయాడు. హీరో కోపంతో వాళ్ళని దీవిలోనే వదిలీసి ఎగిరిపోయాడు. అంటే చూడండి, ఆ టీమ్ సాధించిందేటి, విలన్ని పోగొట్టుకుంది, నాయకుడి చేత తిట్లు తింది, ఇంటికెళ్ళడానికి ఫ్రెడ్ ఇంటి హెలికాప్టరే గతి. మన సినిమాల్లో ఇదే ఘట్టం వస్తే చుట్టూ ఉన్న ఫ్రెండ్సు "ఏసెయ్ అన్నా" అని అరుస్తారు, హాల్లో మనం ఈలలేస్తాం, నేను కూడా ఏసినోణ్ణే, ఇక ముందూ ఏస్తాను, అది వేరే మజా. కానీ ఆవేశంలో ఉన్నోడి పక్కన నిలబడ్డం వేరు, ఆడి చెయ్యి పట్టుకోడం వేరు, ఈ రెండోది చేసే ఫ్రెండ్సుని సూపర్ హీరోలుగా చూపించిన సినిమా నాకు మరోటి కనపళ్ళేదు.

తర్వాత గ్యారేజీలో హీరో మళ్ళీ చిప్పు లాగబోతాడు, ఈసారి బేమాక్స్ మూత తియ్యడు. ఆణ్ణి చంపితే నీ మనసు కుదుటపడుతుందా అని మామూలుగా, నొప్పి ఎంత అని అడిగే గొంతుతోనే అడుగుతాడు. తర్వాత పొట్ట మీద తడాషి వీడియోలు వేస్తాడు, మొదటి టెస్టు ఫెయిలు, ఏడోది ఫెయిలు, ముప్పై మూడోది ఫెయిలు, ఎనభై నాలుగో టెస్టుకి బేమాక్స్ లేచి మాట్లాడతాడు, అన్న గెంతులేస్తాడు. మా అక్క వంటింటి గుమ్మం దగ్గర గరిటె పట్టుకుని నిలబడిపోయింది, కూర అడుగంటింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు. క్యాలహాన్‌ది కూడా హీరో కథే. ఆడి కూతురు ఎబిగేల్ ఒక టెలిపోర్ట్ ప్రయోగంలో మాయమైపోయింది, చచ్చిపోయిందనుకున్నాడు, ఆ పగతో ఇంత చేసాడు. ఇద్దరికీ ఒకేలాంటి దెబ్బ, ఒకేలాంటి కసి, చేతిలో అవే మైక్రోబాట్లు. తేడా ఏటంటే అంత పెద్ద ప్రొఫెసరు చుట్టూ ఆ చిప్పు మళ్ళీ పెట్టీడానికి ఒక్క మనిషి లేడు. ఈ మాట సినిమా ఎక్కడా చెప్పదు, నేను కనిపెట్టుకున్నాను, ఒప్పుకోకపోతే కామెంట్లో కొట్టుకుందాం.

క్లైమాక్స్ బాగానే ఉంది, గొప్పగా లేదు. ఆ టెలిపోర్ట్ ద్వారం లోపల బతికే ఉన్న ఎబిగేల్ని, హీరోని బయటికి తోసి బేమాక్స్ లోపలే ఉండిపోయేటప్పుడు, ఆ 'తృప్తిగా ఉంది' మాట హీరో నోటితో చెప్పాలి, చెప్పకపోతే ఆడు వదలడు, అక్కడ మా వాడు నా చొక్కా పట్టుకున్నాడు. తర్వాత చేతిపిడికిట్లో చిప్పు దొరికిందని బేమాక్స్‌ని మళ్ళీ తయారు చేసీడం కొంచెం మోసమే. పోనీలే అనుకున్నాను, ఎందుకంటే తడాషిని మాత్రం వెనక్కి తీసుకురాలేదు, ఏదో మాయ చేసి తెచ్చుంటే సినిమా అక్కడే నాశనమయ్యేది.

నాకు అరగనిది అలిస్టైర్ క్రే, ఆ టెలిపోర్ట్ ప్రయోగం చేయించిన కంపెనీ యజమాని. టెలిపోర్ట్ ప్రయోగం రోజున ఏదో తేడాగా ఉంది సార్ అని టెక్నీషియన్ చెప్తూనే ఉన్నాడు, పర్లేదు కానీండి అన్నాడు ఈ పెద్దమనిషి, పెద్దపెద్దోళ్ళు చూస్తున్నారు కదా మరి. ఆ ఒక్క 'పర్లేదు' వల్లే కూతురు మాయమైంది, తండ్రి పిచ్చోడయ్యాడు, హాలు తగలబడింది, తడాషి పోయాడు. క్యాలహాన్‌కి సంకెళ్ళు పడ్డాయి, సరే, పడాలి. క్రేకి? ఏమీ లేదు, కోటు దులుపుకుని నిలబడ్డాడు. 2017లో టీవీ సీరీస్ వచ్చింది, 2022లో బేమాక్స్ ఒక్కడి మీదా చిన్న చిన్న ఎపిసోడ్లు వచ్చాయి, అవన్నీ సరే గానీ, సినిమాకి రెండో పార్టంటూ ఎవరైనా తీస్తే కొత్త విలన్ని వెతుక్కోనక్కర్లేదు బాబూ, ముందు ఆ క్రేని కోర్టు మెట్లెక్కించండి, ఆ టెక్నీషియన్ని సాక్షిగా పిలవండి, టికెట్టు డబ్బులు నేను ఇప్పుడే తీసి పక్కన పెడతాను.