మూడు నిమిషాల మైకు

పెద్దలకు ఎదురు చెప్పకూడదని మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పుతూ వచ్చాను. పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ పాఠమే మా ఇద్దరి మధ్య వాదానికి కారణమైంది. కాలిఫోర్నియాలో మేముండే ఊళ్లో, తన బడి ముందు రోడ్డు దాటే చోట సిగ్నల్ పెట్టడానికి సిటీ కౌన్సిల్ బడ్జెట్‌లో డబ్బు కేటాయించి ఏడాది దాటినా పని మొదలుకాలేదు. కౌన్సిల్ సమావేశానికి వెళ్లి అడుగుతానని తను అన్నప్పుడు, “పెద్దవాళ్లను నలుగురిలో నిలదీయడం ఏం బాగుంటుందమ్మా, ఒక ఉత్తరం రాద్దాంలే” అని అలవాటుగా అనేశాను. “మీరు ఎన్నుకున్నవాళ్లే కదా నాన్నా?” అంది.

నిజానికి నేను ఎన్నుకోలేదు. వీసా మీద ఉన్న నాకు ఓటు లేదు సరికదా, గ్రీన్‌కార్డు లేనివారు స్థానిక అభ్యర్థికి ఒక్క డాలరు చందా ఇవ్వడాన్ని కూడా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అయితే ఈ రాష్ట్రంలో 1953 నుంచి అమలులో ఉన్న బ్రౌన్ చట్టం ప్రకారం, సాధారణ సమావేశానికి కనీసం 72 గంటల ముందు అజెండాను అందరికీ కనిపించేలా పెట్టాలి, మాట్లాడదలచినవారికి అవకాశం ఇవ్వాలి, కౌన్సిల్‌ను విమర్శించారన్న కారణంతో ఎవరినీ ఆపకూడదు. మాట్లాడేవారు ఏ దేశ పౌరులన్న ప్రశ్న అందులో లేదు. పదేళ్లుగా ఇక్కడ పన్నులు కడుతున్న నాకు ఆ సంగతి తెలిసింది మా అమ్మాయి వల్లనే.

ఆ సాయంత్రం మైకు తన ఎత్తుకు వంచుకుని, చేతిలోని కాగితం వణుకుతుండగా చదివింది. ఒక్కొక్కరికీ ఇచ్చే మూడు నిమిషాలు అయిపోవస్తున్నాయని చెప్పే చిన్న దీపం ఎదురుగా ఆకుపచ్చ నుంచి పసుపుకు మారగానే కంగారుపడి చివరి రెండు వాక్యాలు మింగేసింది. మేయర్ ధన్యవాదాలు చెప్పి తర్వాతి పేరు పిలిచారు. కారులో కూర్చున్నాక, “జవాబే చెప్పలేదు” అని ఏడ్చింది. అజెండాలో లేని విషయం మీద కౌన్సిల్ చర్చ జరపకూడదని, క్లుప్తంగా బదులివ్వడం, సిబ్బందికి అప్పగించడం వంటివి మాత్రమే చేయవచ్చని ఆ బ్రౌన్ చట్టమే చెబుతుందని మాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే అజెండాలో ఆ అంశం వచ్చే రోజునే వెళ్లేవాళ్లం.

అసలు పని ఆ తర్వాత మొదలైంది, అందులో మైకు ముందు నిలబడే ఉత్సాహమేమీ లేదు. ప్రభుత్వ పత్రాలను అడిగి తీసుకునే వీలు కల్పించే పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద, ఊరి రికార్డులు చూసే అధికారి అయిన సిటీ క్లర్క్‌కు ఒక పేజీ దరఖాస్తు పంపాము. అడిగిన పత్రాలు ఇవ్వదగినవో కావో పది రోజుల్లో తేల్చి చెప్పాలన్నది నియమం, పత్రాలు చేతికి రావడానికి మాత్రం ఇంకొన్ని వారాలు పట్టింది. సిగ్నల్ డబ్బును మరో రోడ్డు మరమ్మతుకు మళ్లించారని, ఆ తీర్మానాన్ని చర్చ లేకుండా ఒకేసారి ఆమోదించే ‘కన్సెంట్ క్యాలెండర్’ అంశాల గుంపులో పెట్టారని వాటిలో తేలింది. సమావేశంలో జరిగినదాన్ని నమోదు చేసే మినిట్స్‌లో ఎవరెవరు ఎలా ఓటేశారో పేర్లతో సహా ఉంది. సిగ్నల్ వేయిస్తామని మాట ఇచ్చిన సభ్యుడు కూడా అవునన్నవారిలోనే ఉన్నారు. మా అమ్మాయి ఆ పేరు కింద పెన్సిల్‌తో గీత గీసింది.

ఇదంతా జరుగుతున్నప్పుడే, “ఇండియాలో నువ్వు గ్రామసభలో ఎప్పుడైనా మాట్లాడావా?” అని అడిగింది. 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ హోదా ఇచ్చిందని పరీక్షలో రాశాను కానీ, ఒక్క సభకైనా వెళ్లలేదు. ఇక్కడ పత్రాలు ఎవరైనా అడగవచ్చు, 2005 నాటి మన సమాచార హక్కు చట్టం ఆ హక్కును పౌరులకే ఇచ్చింది. రేపు నేను అమెరికా పౌరసత్వం తీసుకుంటే ఇక్కడ ఓటు వస్తుంది, ఒక్కసారి కూడా వాడుకోని ఆ హక్కు పోతుంది.

ఈ ఊరి ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది కనుక, జూన్‌లో బడ్జెట్ అంశం అజెండాలోకి రాగానే మళ్లీ వెళ్లాము. ఈసారి తను ఆ సభ్యుడిని పేరు పెట్టి, మర్యాదగానే, తీర్మానం తేదీ చెప్పి, ఎందుకు ఓటేశారని అడిగింది. ఆయన కాసేపు కాగితాలు తిరగేసి, వచ్చే ఏడాది పనుల జాబితాలో సిగ్నల్‌ను తిరిగి చేర్చాలని ప్రతిపాదించారు. జాబితాలో చేరింది కానీ సిగ్నల్ ఇంకా రాలేదు. ప్రతి సమావేశానికి ముందు కన్సెంట్ క్యాలెండర్ చదివే పని మా ఇంట్లో ఇప్పుడు నాది.