గుండె ఎందుకు ఆగిందో ఎవరూ రాయరు

ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదు. 2007 నుంచి ఉన్న నిబంధనను 2021లో ఇలా పెంచారు. అప్పుడే ఇంకో మాట కూడా చేర్చారు: ఎండ, వేడి, తేమ, గాలి అన్నీ కలిపి చూసే వెట్ బల్బ్ గ్లోబ్ కొలత 32.1 డిగ్రీలు దాటితే, టైమ్ ఎంతయినా సరే, పని ఆపేయాలి. సౌదీలో, ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం రెండున్నర, మూడు గంటల విరామం ఉంటుంది. కువైట్‌లో మూడు నెలల పాటు 11 నుంచి 4 వరకు. ఇవి మంచి చట్టాలే. స్కాఫోల్డింగ్ (కట్టడాల చుట్టూ కట్టే పరంజా) ఫోర్‌మన్‌గా ఇక్కడ ఖతార్‌లో మనుషుల చేత పని చేయించేవాణ్ని కాబట్టి వాటి విలువ నాకు తెలుసు. అవి రాకముందు ఎలా ఉండేదో పాతవాళ్లు చెబుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అయినా ఇక్కడికి పనికొచ్చిన మన తెలుగువాళ్లు పోతూనే ఉన్నారు. ఎక్కువమంది సైట్‌లో కాదు, కార్మికులుండే క్యాంపు గదిలో, రాత్రి పడుకున్నవాళ్లు పొద్దున లేవరు. ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లు. ఊళ్లో బయల్దేరేటప్పుడు గల్ఫ్ వెళ్లేవాళ్లకు చేసే ఆరోగ్య పరీక్ష, గామ్కా మెడికల్‌లో ఫిట్ అనిపించుకుని వచ్చినవాళ్లే.

తెలుగువాళ్లెవరైనా పోతే శవాన్ని ఇంటికి పంపే కాగితాల కోసం మేం నలుగురం కలిసి తిరుగుతాం. ఆసుపత్రి, పోలీసు క్లియరెన్స్, ఎంబసీ, శవం పాడవకుండా చేసే ఎంబామింగ్, కార్గో. అలా చాలా డెత్ సర్టిఫికెట్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. మరణ కారణం దగ్గర దాదాపు ఎప్పుడూ ఒకటే రాసి ఉంటుంది: గుండె ఆగిపోయింది, సహజ మరణం. గుండె ఆగకుండా పోయే మనిషెవరు? అది ప్రాణం పోయిన తీరే గానీ కారణం కాదని, దాన్ని కారణంగా రాయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 2014లో ఖతార్ ప్రభుత్వమే పిలిపించుకున్న డీఎల్‌ఏ పైపర్ అనే న్యాయ సంస్థ, హఠాత్తుగా పోయినవాళ్లకు పోస్ట్‌మార్టమ్ చేసేలా చట్టం మార్చమని, గుండె ఆగి పోతున్న కార్మికుల మీద విడిగా అధ్యయనం చేయించమని సలహా ఇచ్చింది. ఆ తర్వాత స్టేడియాలు లేచాయి, 2022లో ప్రపంచ కప్ జరిగింది. ఎంతమంది పోయారో మాత్రం తేలలేదు. టోర్నీ నడుస్తుండగానే నిర్వాహక కమిటీ అధిపతి హసన్ అల్ తవాదీ ఒక ఇంటర్వ్యూలో 400 నుంచి 500 మంది అన్నారు. అంతకుముందు అధికారికంగా చెబుతూ వచ్చింది 40 మంది, అందులోనూ 37 మంది చావులకు పనితో సంబంధం లేదని.

2019లో కార్డియాలజీ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 2009 నుంచి 2017 వరకు ఖతార్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల వివరాలను, ఆయా నెలల ఎండతో కలిపి చూశారు. గుండె జబ్బు కింద రాసిన 571 చావుల్లో 200 దాకా, ఎండ నుంచి సరైన రక్షణ ఉంటే తప్పించగలిగేవే అని తేల్చారు. మనవాళ్ల గురించి నేనలాంటి లెక్క చూడలేదు. నేపాలీ కుర్రాళ్లు, మనవాళ్లు ఒకే స్కాఫోల్డింగ్ మీద పక్కపక్కన నిలబడి పనిచేస్తారు.

కాగితం మీద ఏం రాస్తే ఏముందిలే, పోయినవాడు తిరిగి వస్తాడా అని కొందరంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. పదో తరగతి పాస్ కాకుండా గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు మన కేంద్ర ప్రభుత్వం ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి చేసింది. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో చనిపోతే, శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షలు. ప్రమాదం అయితేనే. సర్టిఫికెట్‌లో సహజ మరణం అని పడిందంటే ఆ 10 లక్షలు పోయినట్టే. కంపెనీ ఇవ్వాల్సిన పరిహారమూ అక్కడే ఆగిపోతుంది, పని వల్ల పోయాడని ఏ కాగితమూ చెప్పదు కదా. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వడం మొదలుపెట్టింది. అది నిజంగా మంచి పని, ఆ డబ్బుతో అప్పు తీర్చుకున్న ఇళ్లున్నాయి. కానీ ఆ డబ్బు మనిషి పోయాక వచ్చేది. మనిషి ఎందుకు పోయాడో తెలిస్తే పక్కవాణ్ని కాపాడుకోవచ్చు.

ఒకసారి మా సైట్‌లో జరిగింది చెబుతాను. ఆగస్టు చివర, సాయంత్రం అయిదు దాటింది. విరామం అయిపోయింది కాబట్టి అందరం పైన ఉన్నాం. ఎండ తగ్గింది గానీ సముద్రం వైపు నుంచి తేమగాలి కమ్ముకొచ్చింది. ఇక్కడ ఉండేవాళ్లకు తెలుసు, 46 డిగ్రీల పొడి ఎండ కన్నా 36 డిగ్రీల ఉక్క ప్రమాదం. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వెట్ బల్బ్ అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్, అది చెప్పేది ఇదే. మధ్యాహ్నపు విరామం ఎండను ఆపుతుంది. ఆగస్టు రాత్రుల ఉక్క దానికి అందదు. దాన్ని పట్టేది ఆ 32.1 నిబంధన ఒక్కటే, అదీ మీటర్ చూసేవాడు నిజాయితీగా చూస్తే.

నిజామాబాద్ కుర్రాడొకడు క్లాంప్ బిగిస్తున్నాడు. స్పానర్ నట్టు మీద పెట్టలేకపోతున్నాడు, పక్కన పెడుతున్నాడు. ఏమైందిరా అంటే "అన్నా, గిది సరింగ పడ్తలేదే" అన్నాడు, నాలుక మందమైనట్టుగా. మాట తడబడిందంటే వేడి మెదడు దాకా వెళ్లిందని అర్థం. హార్నెస్ అనే భద్రతా పట్టీలతో కిందికి దింపి, కవరాల్ విప్పి, కూలర్‌లో ఉన్న ఐసు, నీళ్లు మీద పోసి, అంబులెన్స్ వచ్చేదాకా అట్టపెట్టెలతో విసిరాం. బతికాడు. ఆసుపత్రిలో రక్తంలో క్రియాటినిన్ పెరిగిందన్నారు, అంటే కిడ్నీల మీద దెబ్బ పడిందని. నెల తిరక్కుండా కంపెనీ అన్‌ఫిట్ అని ఇంటికి పంపేసింది. ఆ రోజు పైన ఎవరూ గమనించకపోతే, ఆ రాత్రి గదిలో పోయి ఉంటే, వాడి కాగితం మీద కూడా ఆ రెండు ముక్కలే ఉండేవి.

నీళ్లు లేక కాదు. సైట్‌లో నీళ్లుంటాయి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లుంటాయి, టాయిలెట్ గోడ మీద మూత్రం ఏ రంగులో ఉంటే ఎన్ని నీళ్లు తాగాలో చూపించే చార్టు కూడా ఉంటుంది. ఆ టాయిలెట్ ఎక్కడుందన్నదే అసలు సంగతి. నాలుగైదు అంతస్తుల ఎత్తు దిగి, హార్నెస్ విప్పి, దుమ్ములో నడిచి వెళ్లి, మళ్లీ ఎక్కి రావాలి. పావుగంట. రెండుసార్లు వెళ్తే సూపర్‌వైజర్ కళ్లు వాడి మీదే ఉంటాయి. అందుకని కుర్రాళ్లు నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. కిడ్నీకి ఇంతకన్నా చేటు లేదు.

ఇంకోటి అప్పు. రిక్రూటింగ్ ఏజెంట్ 30 వేలు, జీఎస్టీ తప్ప తీసుకోకూడదని మన నిబంధన. లక్ష, లక్షన్నర పోయకుండా వచ్చినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. ఖతార్‌లో కనీస జీతం నెలకు 1000 రియాళ్లు, వసతి, తిండి విడిగా. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తుంటే ఓటీ (ఓవర్‌టైమ్) వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? ఒంట్లో బాగోలేదని చెబితే ఆ రోజు ఓటీ పోతుంది, మూడుసార్లు చెబితే ఇంటికి పంపేస్తారని టెన్షన్. వద్దురా అని నేను ఆపినా "పర్లేదన్నా" అంటారు. పని ఆపే హక్కు చట్టంలో ఉంది. అప్పున్నవాడు దాన్ని వాడుకోలేడు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. సోంపేట, కవిటి, పలాస వైపు పల్లెల్లో క్రియాటినిన్ అనే మాట చదువురాని ముసలమ్మలకు కూడా తెలుసు. కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసుకునే మనుషులకు బీపీ, షుగర్ లేకుండానే కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ల తరబడి వెతుకుతున్నారు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, జన్యువులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం అన్నారు. తేలలేదు. అయినా మా దగ్గర ఆ ప్రశ్న వేశారు. శాంపిళ్లు తీశారు, డయాలసిస్ కేంద్రాలు పెట్టారు, 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లోనూ పడుచు కుర్రాళ్లకు ఇలాంటి జబ్బే. కారణం పూర్తిగా తేలకముందే అక్కడ కొన్ని తోటల్లో నీళ్లు, నీడ, గంట గంటకూ విశ్రాంతి పెట్టి చూశారు. కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. నేపాల్ డాక్టర్లు కూడా గల్ఫ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు డయాలసిస్‌కు వస్తున్నారని ఎప్పటినుంచో చెబుతున్నారు. పనిలో వేడి వల్ల కిడ్నీ జబ్బుతో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో 2 కోట్ల 62 లక్షల మంది ఉంటారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా వేసింది.

ఇంటి పనికి కువైట్ వెళ్లిన కడప, గోదావరి ఆడవాళ్ల సంగతి ఇంకా దారుణం. ఆరుబయట పనికి పెట్టిన విరామం వంటింట్లో నిలబడ్డ మనిషికి వర్తించదు. మీటర్ పట్టుకుని ఆ గుమ్మం లోపలికి ఎవరు వెళ్తారు?

మన ప్రభుత్వం చేయగలిగినవి ఉన్నాయి. ప్రవాసీ బీమాలో 'ప్రమాదం' అన్న షరతు తీసేసి, పనికి వెళ్లిన దేశంలో ఎలా పోయినా వర్తించేలా చేయవచ్చు. యాభై ఏళ్ల లోపు వాళ్లెవరు హఠాత్తుగా పోయినా కుటుంబం ఒప్పుకుంటే పోస్ట్‌మార్టమ్ జరగాలని ఒప్పందాల్లో రాయించుకోవచ్చు. ఖతార్ నిబంధన ప్రకారం ఏటా జరగాల్సిన ఆరోగ్య పరీక్షల రిపోర్టు కంపెనీ ఫైల్లో కాక మనిషి చేతిలో ఉండేలా అడగవచ్చు.

అవి జరిగేలోపు, వచ్చేవాళ్లకు నా మాట ఒకటి. బయల్దేరే ముందు క్రియాటినిన్ టెస్ట్ చేయించుకుని ఒక కాపీ ఇంట్లో పెట్టండి. సెలవుకు వెళ్లిన ప్రతిసారీ మళ్లీ చేయించుకుని పాతదాని పక్కన పెట్టి చూపించండి. అంకె పెరిగితే ఏ సైట్‌లో, ఏ నెలల్లో, రాత్రి షిఫ్టా పగలా, ఎన్ని గంటలు పనిచేశారో డాక్టర్‌కు చెప్పి, చీటీ మీద రాయించుకోండి.