సగం విన్న మాటలు, కడుపునొప్పి

గుంటూరులో నాలుగో తరగతి పూర్తిచేసి, నాన్న హెచ్‌-1బి వీసాకు అనుబంధంగా హెచ్‌-4 మీద నేను టెక్సస్‌ వచ్చాను. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులకు దేశానికి 7 శాతం పరిమితి ఉండడంతో మన దేశం వారి వరుస ఏళ్లకు ఏళ్లు సాగుతుందనీ, 21 నిండాక నాకు హెచ్‌-4 వర్తించదనీ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. గొంతు తగ్గించి మాట్లాడుకున్నవి సగం సగం విని, మిగతా సగం నేనే ఊహించుకున్నాను. ఆ ఊహ నిజం కన్నా భయంకరంగా ఉండేది.

పదకొండో తరగతిలో తెల్లవారుజామున గుండెదడ, బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి మొదలయ్యాయి. అమ్మమ్మ ఫోనులో దిష్టి తీయమంది, తీశారు కూడా. వైద్యపరీక్షల్లో ఏమీ తేలకపోవడంతో పిల్లల డాక్టరుగారు ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 ప్రశ్నపత్రం ఇచ్చారు. ఏడు ప్రశ్నలకు గరిష్ఠంగా 21 పాయింట్లు. 15, ఆపైన వస్తే ఆందోళన తీవ్రంగా ఉన్నట్టు లెక్క. నాకు అంతకన్నా ఎక్కువే వచ్చింది.

చికిత్స రికార్డుల్లోకి ఎక్కితే గ్రీన్‌కార్డుకు అడ్డమవుతుందని నాన్న భయపడ్డారు. వలస వైద్యపరీక్షలో మానసిక రుగ్మత అడ్డయ్యేది దానితోపాటు హాని కలిగించే ప్రవర్తన ఉన్నప్పుడేననీ, ఆందోళనకు చికిత్స పొందినంత మాత్రాన తిరస్కరించరనీ లాయరు వివరించాకే ఆయన ఒప్పుకున్నారు. ఈ ఒక్క సంగతి తెలియక చికిత్సను వాయిదా వేసే ఇళ్లు ఇంకా ఉంటాయని నా అనుమానం.

ఆందోళన తగ్గించే సెర్ట్రాలిన్‌ అనే మందు మొదలుపెట్టారు. చిన్న వయసు వారిలో ఈ తరహా మందుల వల్ల తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఉండడంతో, మాత్రలు అమ్మ దగ్గరే ఉంచి, నిద్రలో, ప్రవర్తనలో మార్పులు గమనించమన్నారు. దానితోపాటు, ఆలోచనల తీరును పరిశీలించి మార్చుకునే కాగ్నిటివ్‌ బిహేవియరల్‌ థెరపీలో, ‘గ్రీన్‌కార్డు రాకపోతే నా చదువు ముగిసినట్టే’ వంటి ఆలోచనలను కాగితం మీద రాసి, వాటికి ఆధారమేమిటో వెతికేదాన్ని. అయితే నా భయంలో కొంత ముమ్మాటికీ నిజమే. ఊపిరి నెమ్మదిగా పీల్చినంత మాత్రాన చట్టం మారదు. ఆ మాట థెరపిస్టే ఒప్పుకుని, అమ్మానాన్నలను కూడా పిలిపించారు. నాన్న తన దరఖాస్తు తేదీ, నేను ఎఫ్‌-1 విద్యార్థి వీసాకి మారే దారి, కాలేజీ ఖర్చు అన్నీ వరుసగా చెప్పారు. శుభవార్త ఒక్కటీ లేకపోయినా ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

డాక్టరుగారి సలహాతో మందు క్రమంగా తగ్గించి ఆపాం. ఇప్పుడు ఎఫ్‌-1 మీద చదువుతున్నాను. గ్రీన్‌కార్డు వరుస ఎంతవరకు కదిలిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌ వచ్చిన రోజు కడుపులో ఇంకా తిప్పుతుంది గానీ, క్లాసు మాత్రం మానడం లేదు.