గుర్ల దారిలో ఉలవల కళ్లం

రోడ్డు మీద ఉలవ మొక్కలు పరిచేవాళ్లని తిట్టుకోని బైకువాడు విజయనగరం నుంచి చీపురుపల్లి దారిలో ఉండడు. నేనూ తిట్టుకునేవాణ్ణే, మొన్న సంక్రాంతికి నాలుగు రోజుల ముందు దాకా.

హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి సొంతూరికి వచ్చాను. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకి బండి మీద వెళ్లడమంటే ఎడమచెయ్యి క్లచ్ మీద అరగదీసుకోవడమే. ఇక్కడ ఆఫీసు చీపురుపల్లిలో, 30 కిలోమీటర్లు. అందరూ జాలిపడ్డారు. రైలుంది కదా అన్నారు. నిజమే, హౌరా-చెన్నై లైను నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి మీదుగానే పోతుంది. ప్యాసింజరెక్కితే ఖర్చూ తక్కువే. పెట్రోలు లీటరు 110 దగ్గరుంటే రోజూ 60 కిలోమీటర్లు తిరగడమేమిటని మా ఆవిడ కాగితం మీద లెక్క వేసి మరీ చూపించింది. నా స్ప్లెండర్ లీటరుకి 60 ఇస్తుందని నేనో లెక్క చెప్పాను. అసలు లెక్క చెప్పలేదు. ఆ యాభై నిమిషాలూ నన్నెవరూ ఏమీ అడగరు.

బస్సులో కూర్చుంటే ఈ దారి కనబడుతుంది, అంతే. బండి మీద వెళ్తే వాసన కూడా తెలుస్తుంది. కోతలయ్యాక ఏ చెరువులో చూసినా గోగు కట్టలు ఊరేసి ఉంటాయి. ఆ కుళ్లు వాసన హెల్మెట్‌లో దూరితే గరివిడి దాకా వదలదు. మొదట్లో ముక్కు మూసుకునేవాణ్ణి. ఇప్పుడది రాకపోతే ఏడాది ఎక్కడో ఆగిపోయినట్టుంటుంది. నెల్లిమర్ల జూట్ మిల్లు ఈ గోగునారని నమ్ముకునే పుట్టిందని మా నాన్న చెప్పేవాడు. అక్కడ చంపావతి వంతెన ఎక్కగానే చలి చొక్కాలోకి దిగుతుంది, దిగగానే పోతుంది. చిన్నప్పుడు ఆయన సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని రామతీర్థం వెళ్లేటప్పుడు కూడా ఇంతే. కాకపోతే అప్పుడు ఆ చలి చాలాసేపు ఉండేది.

ఆ రోజు మంచు బాగా పట్టింది. గుర్ల దాటాక ముందు లారీ ఎర్రలైటు తప్ప ఏమీ కనబడలేదు. ఆ లైటు పక్కకి తప్పుకుంది, ఎందుకా అనుకునేలోగా నా ముందు చక్రం మెత్తగా దేని మీదికో ఎక్కి జారింది. దెబ్బలేమీ లేవు, ఉలవ మొక్కల మీదే పడ్డాను. ఇండికేటర్ మాత్రం విరిగి వేలాడింది.

పక్కన గోనెపట్టా కప్పుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"ఇది రోడ్డా, మీ కళ్లమా మామ్మా?" అని అరిచాను.

"సూసుకుని రావాలి గానీ బావు, కళ్లు నెత్తి మీద ఎట్టుకుని నడుపుతావేటి?" అంది. ఆ తర్వాతే లేచి, "దెబ్బలేటైనా తగిలీసినాయా?" అని మోకాళ్లు తడిమింది. కుంపట్లో కాలుతున్న తేగ ఒకటి తీసి చేతిలో పెట్టింది. కోపంగా ఉన్నవాడు తేగ ఎలా వలుస్తాడు? పీచు తీసుకుంటూ కూర్చునేసరికి కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఆఫీసుకి ఇరవై నిమిషాలు లేటు. ఆ రోజు అక్కడేం చేశానో ఒక్కటీ గుర్తులేదు.

సాయంత్రం తిరిగి వస్తుంటే రోడ్డుకి అడ్డంగా చెయ్యి చాపి నిలబడింది.

"పొద్దున్న పడిపోనావు, నువ్వే కాదేటి?"

"నేనే."

"ఈయేల లారీలు సరిగ్గా రాలేదు బావు. ఓ నాలుగు సార్లు అటూ ఇటూ తొక్కించీసి ఎల్లిపో."

నా బండి ఏమైనా ట్రాక్టరా అన్నాను. "పొద్దున్న ఊరికే తొక్కీసి ఎల్లిపోనావు కదా" అంది. ఏం చెప్తాం దానికి?

మొదటి గేర్‌లో, రెండు కాళ్లూ నేలకి ఆనించుకుంటూ మొదలుపెట్టాను. పగలంతా ఎండకి కాగి ఉన్నాయేమో, కాయలు చక్రాల కింద చిటచిటమని పేలుతున్నాయి. పొద్దున్న నన్ను పడేసిన మొక్కలేనా ఇవి అనిపించింది. చివరిదాకా వెళ్లడం, తిప్పడం, మళ్లీ రావడం. నాలుగన్నది తొమ్మిదో పదో అయ్యాయి. తొమ్మిదేళ్లలో హైదరాబాద్‌లో ఒక్కసారైనా బండి ఇంత నెమ్మదిగా నడిపి ఇంత సంతోషపడ్డానా? అక్కడ నెమ్మదిగానే నడిపేవాణ్ణి, అది వేరే.

సోలెడు ఉలవలు చేటలో చెరిగి, కవర్లో పోసి హ్యాండిల్‌కి తగిలించింది. గుగ్గిళ్లు చేసుకోమంది. ఇండికేటర్‌కి మర్నాడు మెకానిక్ 150 తీసుకున్నాడు, మా ఆవిడ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఏమీ అనలేదు.

చివరి చుట్టు తిప్పుతుండగా గరివిడి వైపు నుంచి ఒక కుర్రాడు బుల్లెట్ మీద దడదడలాడిస్తూ వచ్చి, నా ముందు గట్టిగా బ్రేకు కొట్టాడు.

"రోడ్డా, మీ కళ్లమా ఇది?" అన్నాడు.

మామ్మ నా వైపు చూసింది. చూసుకుని రావాలి గానీ అన్న మాట నా నోటిదాకా వచ్చేసింది.